లాస్య మార్చి పాడిన చరణం

మాంచెస్టర్‌లోని రికార్డు కంపెనీ నుంచి లాస్యకు పిలుపు వచ్చిందని తెలిసిన సాయంత్రమే విజయభాస్కర్ లాప్‌టాప్ తెరిచాడు. ఆయనది ప్రొద్దుటూరు. పెళ్ళయిన కొత్తలో లండన్ శివారులోని హారోకు వచ్చి అక్కడే స్థిరపడ్డాడు. లండన్‌లో ఒక బ్యాంకుకు సాఫ్ట్‌వేర్ పని. అంకె కళ్ళబడితేగాని దేన్నీ నమ్మని మనిషి. కూతురి పాటలు ఏ ఊళ్ళో ఎందరు విన్నారు, ఎందరు సగంలో ఆపేశారు, ఎందరు మళ్ళీ వెతుక్కుని వచ్చారు, అన్నిటికీ రంగురంగుల గ్రాఫులు గీశాడు.

"డబ్బు పెట్టేవాడు ముందు మార్కెట్ చూస్తాడు పాపా. ఇవి చూపిస్తే సగం పని అయిపోయినట్లే," అన్నాడు.

"డాడ్, దే ఆస్క్డ్ మీ టు ప్లే," అంది లాస్య, గిటార్ తీగలు మారుస్తూ.

ఆయన భార్య సులోచన హాస్పిటల్లో నర్సు. మాంచెస్టర్ వెళ్ళాల్సిన శనివారం డ్యూటీ జాబితాలో ఆమె పేరుంది, వెంట వెళ్ళే వీలు లేదు. కారు దాకా వచ్చి భర్తకు ఒకటే మాట చెప్పింది. "ఆడ నువ్వేం మాట్లాడొద్దు. పాప పాడుతుంది. నువ్వు కూచో. అంతే."

లాస్య లా చదువు మధ్యలో మానేసి పాటల్లో పడింది. ఇప్పుడు పగలు గిటార్ల షాపులో పని, వారాంతాల్లో ఏ ఊళ్ళో పిలిస్తే ఆ ఊరి పబ్బులో పాట. చదువు మానేసినప్పుడు ఇంట్లో పెద్ద గొడవ జరిగింది. తర్వాత ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు. పుండు మీద చెయ్యి పడకుండా తిరిగినట్టు ముగ్గురూ జాగ్రత్తగా తిరుగుతూ వచ్చారు.

పాత నూలు మిల్లు భవనంలో పై అంతస్తులో ఉంది ఆ కంపెనీ. పెద్ద కంపెనీ ఏమీ కాదు, పట్టుమని పదిమంది లేరు. కొత్త పాటగాళ్ళను వెతికి ఎంచే పని హెలెన్ ఆష్‌వర్త్‌ది. యాభై దాటిన మనిషి, పొట్టిగా కత్తిరించిన నెరిసిన జుట్టు. తనే టీ కలిపి తెచ్చి ఇచ్చింది.

సులోచన చెప్పిన మాట విజయభాస్కర్‌కు గుర్తుంది. అయినా చెయ్యి ఊరుకోలేదు. లాప్‌టాప్ తీశాడు. లాస్య తల వంచుకుంది. హెలెన్ మాత్రం నవ్వలేదు, విసుక్కోలేదు. కుర్చీ దగ్గరికి జరుపుకుని ప్రతి గ్రాఫూ చూసింది. ఒకచోట ఆపి, ఆ నెలలో ఎందుకు తగ్గిందని కూడా అడిగింది.

"చాలా శ్రద్ధగా చేశారు," అంది ఇంగ్లీషులో. "ఇవి నేనూ చూశాను. వీటికి పదింతల అంకెలున్నవాళ్ళు ప్రతి వారం నాకు రాస్తారు. ఇక్కడ కూర్చుంటే కనపడనివి కొన్ని ఉంటాయి. వాటికోసమే నేను ఊళ్ళు తిరుగుతాను. మీ అమ్మాయిని లీడ్స్‌లో విన్నాను. బెల్‌ఫాస్ట్‌లోనూ విన్నాను."

"యు వర్ ఇన్ బెల్‌ఫాస్ట్?" లాస్య కళ్ళు పెద్దవయ్యాయి.

"వెనక, బార్ పక్కన నిలబడ్డాను. లీడ్స్‌లో ఆ రోజు జనం వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. హాలు నిండినట్టే పాడావు. తర్వాత మైకులు చూసుకునే మనిషిని పేరు పెట్టి పిలిచి థాంక్స్ చెప్పి, వైర్లు చుట్టడంలో సాయం చేశావు. బెల్‌ఫాస్ట్‌లో నీకు బాగా పేరు తెచ్చిన పాట పాడనేలేదు. ఎందుకు?"

"ఇట్ సౌండెడ్ లైక్ ఎవ్రీబడీ ఎల్స్," అంది లాస్య మెల్లగా.

హెలెన్ తల ఊపింది. ఆ మాట వినడానికే అంత దూరం తిరిగినట్టుంది ఆమె ముఖం. విజయభాస్కర్ లాప్‌టాప్ మూసేశాడు. లీడ్స్‌కు కూతుర్ని కారులో తీసుకెళ్ళింది తనే, బెల్‌ఫాస్ట్ విమానం ఎక్కించింది తనే. ఇవేవీ తనకు తెలియవు.

"ఇంకా ఎవరికీ వినిపించని పాట ఏదైనా ఉందా?" హెలెన్ అడిగింది.

లాస్య తండ్రి వైపు ఒకసారి చూసింది. తర్వాత గిటార్ ఒళ్ళోకి తీసుకుంది.

అది ఒక ఇంటి పాట. వంటగదిలో ఒక తండ్రీ, ఒక కూతురూ. మాటా మాటా పెరిగి, ఆపైన మాటలే ఆగిపోయి, ఒక చలికాలం అంతా తలుపుల చప్పుళ్ళతో మాట్లాడుకున్న ఇద్దరు. ఆ వంటగది తమదేనని విజయభాస్కర్‌కు తెలిసిపోయింది. చివరి చరణంలో తండ్రి కచేరీకి వస్తాడు, ముందు వరసలో నిలబడతాడు, తప్పు నాదే అంటాడు. అలా ఎప్పుడూ జరగలేదు. అయినా వింటుంటే ఆయనకు హాయిగా అనిపించింది, కళ్ళు చెమర్చాయి.

"చివరి చరణం దాకా నిన్ను నమ్మాను. అది మాత్రం నువ్వు రాసినట్టు లేదు," అంది హెలెన్.

విజయభాస్కర్‌కు చుర్రుమంది. "ఏం తప్పుండాది అందులో? నాకు కండ్లల్లో నీళ్ళు తిరిగినాయి," అని తెలుగులో కూతురితో అని, అదే ఇంగ్లీషులో హెలెన్‌తో అనబోయాడు.

"నో, డాడ్. షీ ఈజ్ రైట్," అంది లాస్య. "ఇట్ డిడ్న్ట్ హ్యాపెన్, డిడ్ ఇట్?"

లాస్య లేచింది. పక్క గది కాసేపు వాడుకోవచ్చా అని అడిగి, గిటార్ తీసుకుని లోపలికి వెళ్ళింది.

అద్దం తలుపు లోంచి ఆమె కనిపిస్తూనే ఉంది. నేల మీద బాసిపట్టు వేసుకుని కూర్చుంది. పెదవులు కదులుతున్నాయి, ఆగుతున్నాయి, మళ్ళీ మొదటికి వస్తున్నాయి. ఇంట్లో తలుపు వేసుకుని అన్ని గంటలు ఏం చేస్తుందో ఆయన ఎన్నడూ చూడలేదు. ఇంత పని చేస్తుందా ఈ పిల్ల అనుకున్నాడు.

"ఒకవేళ కుదరకపోతే?" అని హెలెన్‌ను అడిగాడు.

"కుదరడం కుదరకపోవడం తర్వాతి సంగతి. బాగాలేదని చెబితే చాలామంది నాతో వాదిస్తారు. కొందరు ఏడుస్తారు. కొందరు నేనేం కోరుకుంటున్నానో కనుక్కుని అదే రాసి తెస్తారు. మీ అమ్మాయి ఒక్క ప్రశ్న వేయకుండా గిటార్ పట్టుకుని వెళ్ళిపోయింది. స్టూడియో మేం ఇస్తాం, వాద్యకారుల్ని మేం తెస్తాం, పోస్టర్లు మేం వేయిస్తాం. తన పాటలో అబద్ధం ఎక్కడుందో పట్టుకునే చెవి మాత్రం మనిషే తెచ్చుకోవాలి."

టీ చల్లారిపోయాక లాస్య బయటికి వచ్చింది. ఈసారి తండ్రి వైపు చూడలేదు. పాట మొదటి నుంచీ పాడింది.

కొత్త చరణంలో తండ్రి కచేరీకి రాడు. కార్ పార్కులో కూర్చుంటాడు, స్టీరింగ్ మీద లాప్‌టాప్ ఆనించుకుని. ముఖం మీద నీలం వెలుతురు. కూతురు వచ్చి డిక్కీలో గిటార్ పెడుతుంది. ఎలా జరిగిందని అతను అడగడు, ఆమె చెప్పదు. ఒక్కటే అడుగుతాడు. ఆ అడగడం దగ్గర లాస్య ఇంగ్లీషు వదిలేసింది.

"ఏ దావన పోదాం పాపా?"

అచ్చం ప్రొద్దుటూరు పలుకు. ఇంట్లో తెలుగు మాటకు ఇంగ్లీషులో బదులిచ్చే పిల్ల, ఆ 'దావ'ను ఆయన ఎలా సాగదీస్తాడో అలాగే సాగదీసింది. దూరం దారినే పోదామంటుంది కూతురు. పాట అక్కడ ఆగిపోయింది.

విజయభాస్కర్ కిటికీ వైపు తిరిగాడు. కింద ట్రామ్ వెళ్తోంది. పిల్ల తనను గమనించలేదని ఇన్నాళ్ళూ అనుకున్నాడు. ఆ చలికాలమంతా తను చేయగలిగింది కారు నడపడం ఒక్కటే. దాన్ని ఎవరైనా ప్రేమ అనుకుంటారని తనకే తోచలేదు.

హెలెన్‌కు ఆ తెలుగు ముక్క అర్థం కాలేదు. అర్థం అడగలేదు కూడా. "అది అలాగే ఉండనీ. ఎవరు మార్చమన్నా మార్చకు. నేను చెప్పినా సరే," అంది. ఇవాళే మాట ఇవ్వలేననీ, మిగతావాళ్ళూ వినాలనీ చెప్పి, మెట్ల దాకా వచ్చి సాగనంపింది.

నెల తిరక్కుండానే కబురొచ్చింది. ఒక ఆల్బమ్‌కు ఒప్పందం, పాటల మీద హక్కు లాస్యదే. కాగితాలు లాయరుకు చూపించాక, సులోచన డ్యూటీ దిగి వచ్చిన మధ్యాహ్నం వంటగది బల్ల మీదే లాస్య సంతకం పెట్టింది.

"అంతమంది పాడతారు కదా, మన పాపలో వాళ్ళేం చూసినారు?" సులోచన అడిగింది.

"పాపకు భయం లేదని కాదు. భయమేసిన చోటికే పోయి పాడుతుంది. అది చూసినారు. నాకు ఇన్నేండ్లు కనపల్లేదు," అన్నాడు విజయభాస్కర్.

లాస్య కుర్చీ జరుపుకుని ఆయన పక్కన కూర్చుంది. తర్వాత, రికార్డింగ్ మొదలయ్యే ముందు ఆ చరణంలో తన ఉచ్చారణ ఎక్కడైనా తప్పిందేమో వినమని అడిగింది, తెలుగులోనే.