వాములో గుడ్లు

గడ్డివాములో గుడ్లు కనబడగానే డీలియా వణికిపోయింది. క్లేర్ జిల్లా పల్లెల్లో వాములో ఎవరైనా గుడ్లు దాచారంటే అది చేతబడే. ఆదివారం పూజ ముగిశాక చర్చి గేటు దగ్గర, అందరి ముందూ పొరుగింటి హనోరాను నిలదీసింది.

"నా ఆవు పాలు ఎండగట్టాలనేనా నా వాములో గుడ్లు దాచావే?"

"నా ఇంట్లో తినడానికే లేవు, నీ వాములో పెడతానా?" అంది హనోరా. ఆ రోజు ఆమెతో కలిసి ఇంటిదాకా ఎవరూ నడవలేదు.

సాయంత్రం గుడ్లను చేత్తో ముట్టకుండా ఎత్తి కాల్చేయాలని డీలియా పార పట్టుకుని వెళ్లింది. ఆమె ఎర్రకోడి అరుచుకుంటూ వాములోంచి దిగింది. అక్కడ ఇంకో గుడ్డు వెచ్చగా ఉంది.

"చేతబడి ఇంకోటి పెట్టిందే!" అని నవ్వాడు వెనకే వచ్చిన మొగుడు కోర్మాక్.

డీలియా తల వంచుకుని హనోరా గుమ్మం ముందు నిలబడింది.

"పొరపాటైందే. అవి నా కోడివే."

"ఇక్కడ కాదు డీలియా. గేటు దగ్గర అన్నావు, గేటు దగ్గరే చెప్పు," అని హనోరా తలుపు వేసుకుంది.