మేడమ్ గారి మొగుడు

కోచ్‌గా ఆవిడ తీర్చిదిద్దిన పోల్‌వాల్ట్ ఆటగాళ్లలో నలుగురు దేశం తరఫున ఆడారు. నాలుగోవాడు ఆవిడ మొగుడే. పెళ్లికి ముందు నుంచీ ఆవిడ శిష్యుడు కాబట్టి, మైదానంలో అందరిలాగే "మేడమ్" అనేవాడు. ఇంటికొచ్చాక "ఏమోయ్" అనేవాడు. తోటివాళ్లు చాటున నవ్వుకునేవాళ్లు.

ఒకరోజు సాధనలో, గాల్లోకి లేస్తుండగా అతని చేతిలో కర్ర ఫెళ్లున విరిగింది. మనిషి పరుపు అంచున సగం బయటికి పడ్డాడు. భుజం బెణికింది, అంతే. కోలుకుని మళ్లీ మైదానానికొచ్చిన రోజున ఆవిడ అతన్ని పక్కకు పిలిచింది.

"ఇక చాలు. పరుగులో వేగం తగ్గింది. ఈ ఏడు నా జట్టులో నీకు చోటు లేదు."

"మొన్నటిదాకా బాగుందన్నారుగా మేడమ్?"

"మొన్నటి మాట వేరు."

అతను కర్రలన్నీ వ్యాను మీద కట్టించుకుని, ఊరికి ఆ చివరనున్న మరో కోచ్ దగ్గర చేరాడు. ఆ కోచ్‌కీ ఆవిడకీ ఉప్పూ నిప్పూ. ఇంట్లో మాత్రం మొగుడూ పెళ్లాలు గ్యాసు అయిపోయిందనీ కూరగాయలు తేవాలనీ ఎప్పటిలాగే మాట్లాడుకునేవాళ్లు.

ఆవిడ తల్లి మాత్రం ఉండబట్టలేక దులిపేసింది. "ఇదేం కాపురమే? కట్టుకున్నవాణ్ని గెంటేసి ఊళ్లోవాళ్లకు నేర్పుతావా?"

"అది ఉద్యోగమమ్మా" అంది ఆవిడ.

జాతీయ పోటీల్లో, అందరూ నిచ్చెన అని పిలిచే ఆవిడ శిష్యుడు అప్పటికి మూడో స్థానంలో ఉన్నాడు. ఇక ఆఖరి అవకాశం ఆవిడ మొగుడిది. అతను పరుగందుకోగానే ఆవిడకు తెలిసిపోయింది, వేగం ఏమాత్రం తగ్గలేదు. తగ్గిందో లేదో తనెప్పుడూ కొలిచి చూడనే లేదు. అతను బార్ దాటేశాడు. నిచ్చెన నాలుగోవాడైపోయాడు.

ఆవిడ ముందు నిచ్చెన దగ్గరికే వెళ్లింది. "కర్ర ఆనించడంలో తొందరపడ్డావ్. దాని పని పడదాం" అని వీపు తట్టింది.

"సంతోషంగా ఉందా మేడమ్?" అన్నాడు వాడు ఉక్రోషంగా.

"ఉంది. నిన్ను చూస్తే బాధగానూ ఉంది."

ఇంటికొచ్చాక మొగుడు పతకం తీసి ఫ్రిజ్ మీద పడేశాడు. "ఆ రోజు నన్ను ఆపింది మేడమ్ కాదు. నువ్వు."

"అవును. కర్ర విరిగిన చప్పుడు చెవిలోంచి పోలేదు. భయంతో చచ్చాననుకో."

"ఆ ముక్క అప్పుడే చెప్పొచ్చుగా?"

"చెబితే మానేసేవాడివా?"

"లేదనుకో." నవ్వొచ్చిందతనికి. "పోనీ, తిరిగొచ్చెయ్యనా?"

"వద్దు. నీ విషయంలో నాకు కోచ్ బుద్ధి పనిచెయ్యదు. ఆయన దగ్గరే ఉండు."

మర్నాడు ఆవిడ ఆ కోచ్‌కు ఫోన్ చేసి థాంక్స్ చెప్పింది. ఆయన నమ్మలేక "ఎవరండీ మాట్లాడేది?" అని రెండోసారీ అడిగాడు.

మొగుడు ఇంకో రెండేళ్లు ఆయన దగ్గరే ఆడాడు. అతను కర్ర పట్టుకుని పరుగు మొదలెట్టినప్పుడల్లా ఆవిడ తల దించుకుని కూర్చునేది. జనం అరిచాకే కళ్లెత్తి చూసేది.