మినిట్స్‌లో లేని మనుషులు

మా ఫ్యాక్టరీలో నెలనెలా జరిగే మీటింగుల్లో ఏం తేల్చారో మినిట్స్‌గా రాసిపెట్టడం నా పని. అందులో మనుషుల పేర్లు రాయకూడదని మేనేజర్‌గారు మొదటిరోజే నేర్పారు. "బాయిలర్ వాల్వు మార్చాలని నిర్ణయించడమైనది" అని వరసగా పదకొండు నెలలు రాశాను. ఎవరు మార్చాలో ఎక్కడా లేదు కనుక, అందరూ పక్కవాళ్ళు చూసుకుంటారులే అనుకున్నారు.

పన్నెండో నెలలో ఆ వాల్వు పేలి వెల్డర్ చెయ్యి కాలింది.

మర్నాడు మీటింగులో ఓపిక నశించి అడిగేశాను. "ఈసారైనా ఎవరు చేస్తారో చెప్పండి సార్, పేరు రాస్తాను."

అందరూ టీ కప్పుల్లోకి చూశారు.

"పేర్లెందుకమ్మా, లేనిపోని తలనొప్పి! ఎప్పటిలాగే రాసెయ్," అన్నారు మేనేజర్‌గారు.

"బాధ్యులను గుర్తించాలని నిర్ణయించడమైనది" అని రాసి, ఎప్పటిలాగే కింద సంతకం పెట్టాను.

వారం తిరక్కుండా విచారణాధికారి వచ్చి ఆ పన్నెండు నెలల కాగితాలూ తిరగేశాడు. వాటన్నిటిలోనూ ఆయనకు దొరికిన పేరు ఒక్కటే. అది అడుగున, రాసినవారి సంతకం దగ్గర ఉంది.

"ఇది మీరేనా అమ్మా?" అంటూ నోటీసు నా చేతికిచ్చాడు.

అందులో మాత్రం పేరు రాయడం ఎవరూ మరిచిపోలేదు.