ఆకు కమ్మిన గుండుమల్లె

పత్తికి యూరియా ఎక్కువైతే ఆకు కమ్ముతుంది గానీ కాయ రాదని ఓర్వకల్లు చుట్టుపక్కల అడిగినవాడికీ అడగనివాడికీ చెప్పే మనిషి బొజ్జన్న. అంత తెలిసినవాడు పెళ్లాం గిడ్డమ్మ పెంచుకున్న గుండుమల్లె దగ్గరకు వచ్చేసరికి ఆ తెలివిని ఏ గట్టు మీద మరిచిపోయాడో దేవుడికే తెలియాలి.

కూతురు రమణి పుట్టిన ఏడు చినుకు పడలేదు. బిడ్డను ఉయ్యాలలో వేసే రోజున తొట్లెకు కట్టడానికి ఊళ్లో ఒక్క పువ్వు దొరకలేదు. బోడి తొట్లెలోనే బిడ్డను వేసిన బాధ గిడ్డమ్మ మనసులోంచి ఇన్నేళ్లయినా పోలేదు. పెళ్లయిన చాలా కాలానికి రమణి కడుపు పండింది. ఈసారి తొట్లెకు తన వాకిట్లో పూసిన పూలే కట్టాలని గిడ్డమ్మ పంతం పట్టింది.

ప్రయాణం వద్దని డాక్టరమ్మ చెప్పడంతో రమణి కాన్పు ఎర్రగుంట్లలో అత్తగారింటి దగ్గరే అనుకున్నారు. గిడ్డమ్మ తోడుగా వెళ్తూ చెట్టును మొగుడికి అప్పగించింది. మాగిన పెంట ఎరువు గంపలో ఉంది, అప్పుడప్పుడూ దోసెడు మొదట్లో వేసి మట్టి కప్పమంది. యూరియాలాంటి బస్తా మందు జోలికి మాత్రం పోవద్దని మరీమరీ చెప్పింది.

ఎరువు వేస్తే చెట్టు ఉలకలేదు, పలకలేదు. ఇంతలో ఆడపిల్ల పుట్టిందని ఫోను వచ్చింది. నెల తిరిగేసరికి తల్లీబిడ్డలను తీసుకొస్తామన్నారు. బొజ్జన్నకు కాళ్లూ చేతులూ ఆడలేదు. మొక్కజొన్నకు వేయగా మిగిలిన యూరియా ఇంట్లో ఉంటే పిడికెడు తీసి మొదట్లో చల్లాడు.

యూరియా వేశాక నీళ్లు తగ్గితే వేళ్లు మాడిపోతాయి. కుళాయి ఎండిపోయి ఊరి చివర బోరే దిక్కయింది. మగవాళ్లు బండి మీద క్యాన్లలో తెచ్చుకుంటారు, బిందె మోయడం ఆడవాళ్ల పని. బొజ్జన్నకు బండి నడపడం రాదు. సిగ్గు చంపుకుని ఆడవాళ్ల వరుసలో నిలబడి, బిందె భుజానికెత్తుకుని పొద్దూమాపూ మోశాడు. వీధి వీధంతా నవ్వింది. పక్కింటి భీమమ్మ అయితే కొంగు అడ్డం పెట్టుకుని మరీ నవ్వింది.

చెట్టు ఏపుగా లేచింది. నల్లగా నిగనిగలాడే ఆకు చూసి బొజ్జన్న మురిసిపోయాడు. తొట్లె రోజు దగ్గరపడ్డాక కొమ్మకొమ్మా విప్పి చూస్తే ఒక్క మొగ్గ లేదు. అప్పుడు గుర్తొచ్చింది పత్తి. పాపం, అక్కడే కూలబడ్డాడు.

గిడ్డమ్మ పసిదాన్ని ఎత్తుకుని ఆటో దిగుతూనే చెట్టు వైపు చూసింది. ఆ ఆకు రంగు చూడగానే ఆమెకు అర్థమైపోయింది.

"యూరియా వేసినావు కదా?"

"వేసినా. పాప తొట్లెకు పూలు అందవేమోనని భయమయ్యె. నీ మాట ఇనకపోతి గిడ్డమ్మా."

ఆమె కళ్లలో నీళ్లు తిరిగితే మొహం పక్కకు తిప్పుకుంది. అది చూడలేక బొజ్జన్న ప్రాణం విలవిలలాడింది.

పాపను చూడటానికి వచ్చిన భీమమ్మ నవ్వించబోయి బిందెల సంగతంతా చెప్పేసింది. రమణి పగలబడి నవ్వింది. గిడ్డమ్మ నవ్వలేదు. మొగుడి దగ్గరకు వచ్చి చొక్కా మెడ పక్కకు లాగి చూసింది. భుజం కమిలిపోయి ఉంది.

మరునాడు తొట్లెకు కర్నూలు బజారులో కొన్న పూలే కట్టారు. వచ్చినవాళ్లంతా వెళ్లాక గిడ్డమ్మ ఆముదం వెచ్చచేసి పాప ఒంటికి రాసింది. గిన్నెలో మిగిలింది తెచ్చుకుని బొజ్జన్న పక్కన కూర్చుని, అతని భుజానికి మెల్లగా రుద్దసాగింది. పూలు లేకుండా చేశానని అతను మళ్లీ మొదలుపెట్టబోతే ఆపింది.

"పూలు యాడికి పోతాయి, వచ్చే ఏడు పూస్తాయిలే. నువ్వు బిందె మోస్తావని నేను యాడనుకుంటి. ఇంగ ఎరువు సంగతి నేను చూసుకుంటా. నీళ్లు మాత్రం నువ్వే తేవాల."