నల్లదారం కుట్లు

మనుషులకు గుడ్డ విలువ తెలియదని మేనత్తకు నలభై ఏళ్ళ కిందటే తెలిసిపోయింది. తెలిసి కూడా వాళ్ళకు బొంతలు కుడుతూనే ఉంది, అదీ విడ్డూరం. రెడీమేడ్ బట్టల ఫ్యాక్టరీలో కటింగ్ బల్ల దగ్గర ముప్పై ఏళ్ళు నిలబడి, కత్తెర పట్టిన ప్రతివాణ్ణీ ఏడిపించి రిటైరైన మనిషి ఆవిడ. బంధువుల్లో ఎవరికి పెళ్ళయినా బొంత, పురుడొచ్చినా బొంత, ఇల్లు మారినా బొంత. కొట్లో కొన్న బహుమతి పట్టుకొచ్చేవాళ్ళను చూస్తే ఆవిడకు ఒళ్ళు మంట. "డబ్బు పారేస్తే ఎవడైనా ఇస్తాడు. వేళ్ళు పొడుచుకుని ఇవ్వమనండి చూద్దాం!" అనేది. ఆవిడ మంచం మీద మాత్రం కొట్లో కొన్న నీలం రగ్గే ఉండేది. అది వేరే సంగతట. అంత మంచి పనితనాన్ని రోజూ ఒంటికింద వేసుకుని ఎవరైనా నలిపేస్తారా?

ఇప్పుడు కుడిచేతి బొటనవేలు మొరాయించింది. సూది పడితే జారిపోతోంది. డాక్టరు చూసి, "ఇక కుట్టుపని మానెయ్యండమ్మా" అన్నాడు. మేనత్త ఆయన తెల్లకోటు చేతి అంచు వంక ఓ చూపు చూసి, "ముందు మీరు ఆ అంచు తిన్నగా కుట్టించుకోండి" అని లేచి వచ్చేసింది. కాని ఆయన మాట నిజమేనని ఆవిడకు తెలుసు. అప్పటికే బల్ల మీదున్న బొంతే ఆఖరిది.

ఇన్నేళ్ళుగా దేనికీ వాడకుండా దాచిన మేలురకం ముక్కలన్నీ దానికే పెట్టింది. తెల్లటి గుడ్డ మీద ఎర్రటి పక్షులు, అంగుళానికి పది కుట్లు. ఏడు నెలలు పట్టింది. పూర్తయ్యాక దాన్ని సంచిలో పెట్టుకుని, ఇది ఎవరికివ్వాలా అని ఆలోచించింది. పోయిన అన్నయ్యకు ముగ్గురు పిల్లలు. ముగ్గురికీ పెళ్ళిళ్ళప్పుడు తలా ఒక బొంత ఇచ్చింది. ఎవరి ఇంట్లో తన బొంత గౌరవంగా ఉంటే ఈ ఆఖరిది వాళ్ళకే. ఆవిడకు అది ఆషామాషీ విషయం కాదు. తను పోయాక, ఇది ఫలానా ఆవిడ చేతిపని అని చెప్పే ఇల్లు ఒక్కటైనా ఉండాలని కోరిక. పైకి మాత్రం, "ఎవరికి అర్హత ఉందో చూడాలి" అనేది.

తమ్ముడి భార్యను అసలు లెక్కలోకే తీసుకోలేదు. ఆ మరదలు ఒక హాస్టల్లో వంట చేస్తుంది. ఎనిమిదేళ్ళ కిందట తమ్ముడు పోయి, ఆమె ఒక్క గది ఇంట్లోకి మారినప్పుడు, ఇవ్వకపోతే బాగుండదని ఆమెకూ ఒక బొంత పడేసింది. పాత చొక్కాల ముక్కలు, ఫ్యాక్టరీ కటింగుల్లో మిగిలిన తుక్కు, టీవీ చూస్తూ మమ అనిపించిన పొడుగు కుట్లు. మరదలు దాన్ని రెండు వేళ్ళతో నలిపి చూసింది. బాగుందని ఒక్క ముక్క అనలేదు. "ఉతికితే రంగు పోతుందా వదినా?" అని అడిగింది. మేనత్తకు అరికాలి మంట నెత్తికెక్కింది. గిన్నెలు తోముకునే దానికి ఇంతకంటే ఏం తోస్తుందిలే అనుకుని, మళ్ళీ ఆ గడప తొక్కలేదు.

సోమవారం పెద్ద మేనకోడలింటికి వెళ్ళింది. బ్యాంకులో మేనేజరు, నవ్వు కూడా వడ్డీ లెక్క చూసుకుని నవ్వుతుంది. మేనత్త ఎప్పుడూ చెప్పే వస్తుంది కాబట్టి ఇల్లు అద్దంలా ఉంది.

"రా అత్తా, రా! చూడు, నీ బొంత లేకపోతే మాకు నిద్రే పట్టదు" అంటూ పడగ్గదిలోకి లాక్కుపోయింది.

మంచం మీద బొంత పరిచి ఉంది. మేనత్త చూసింది. మళ్ళీ చూసింది. ఈ పిల్లకు తను కుట్టినది నీలం రంగు ఎనిమిది రేకుల పూల బొంత. ఇక్కడున్నది చొక్కా ముక్కల తుక్కు బొంత. సాక్షాత్తూ మరదలి మొహాన కొట్టినదే. పైగా పొడుగు కుట్లున్న చోటల్లా ఎవరో లావుపాటి నల్లదారంతో వంకరటింకరగా మళ్ళీ కుట్టారు. మూలన గోధుమరంగు ముక్క మీద ఏదో మరక.

"ఈ నల్లదారం ఎవరిదే?"

"నేనే అత్తా. అక్కడక్కడ ఊడితే..." అని మేనకోడలు నీళ్ళు నమిలింది.

"గోనెసంచి మూతి కుట్టినట్టుంది. కళ్ళు మూసుకుని కుట్టావా?"

మేనకోడలు నవ్వి కాఫీ తెస్తానని జారుకుంది. ఓహో, ఇదన్నమాట సంగతి అనుకుంది మేనత్త. నేనిచ్చిన బహుమతిని ఆ వంటమనిషి ఈ పిల్లకు అంటగట్టేసింది. ఈ పిల్ల అసలు బొంత బీరువాలో భద్రంగా దాచుకుని దీన్ని వాడుతోంది. మరదలి బుద్ధి ఇలాంటిదని నాకు ముందే తెలుసు. అలా అనుకున్నాక కాఫీ కూడా రుచిగానే అనిపించింది.

మంగళవారం మేనల్లుడింటికి వెళ్ళింది. కార్లు అమ్మే ఉద్యోగం వాడిది. నోరు విప్పితే చాలు, మనిషికి చక్రాలు బిగించి అమ్మేయగలడు.

"అత్తా, మా ఆవిడ ఈ బొంతను ఎవర్నీ ముట్టుకోనివ్వదు తెలుసా!"

మంచం మీద అదే బొంత. అవే చొక్కా ముక్కలు, అవే నల్లకుట్లు. మూల దగ్గర గోధుమరంగు ముక్క మీద నిన్న చూసిన మరకే. మేనత్త అక్కడే మంచం అంచున కూలబడింది. ఆ మరకను గోటితో గీకి చూసింది. మాట్లాడకుండా ఉండటం ఆవిడకు అలవాటు లేని పని, అందుకే మేనల్లుడికి అనుమానం వచ్చి, "ఒంట్లో బాలేదా అత్తా?" అన్నాడు.

"నాకేం, రాయిలా ఉన్నాను. రేపు మీ చెల్లెలింటికి వెళ్తున్నాను. నాలుగింటికి వస్తానని చెప్పు."

బుధవారం పన్నెండింటికే వెళ్ళి తలుపు తట్టింది. చిన్న మేనకోడలు స్కూల్లో టీచరు. ఆవేళ అత్త వస్తుందని సెలవు పెట్టుకుని తీరిగ్గా తల దువ్వుకుంటోంది. తలుపు తీయగానే దువ్వెన చేతిలోంచి జారిపోయింది.

"అదేంటత్తా, నాలుగింటికన్నావుగా!"

"నాలుగింటికైతే నన్ను గుర్తుపడతావు, పన్నెండింటికైతే పట్టవా ఏంటి?" అంటూ మేనత్త సరాసరి పడగ్గదిలోకి నడిచింది. మంచం మీద కొట్లో కొన్న మెరుపుల దుప్పటి. "నా బొంతేదీ?"

"అదీ... లాండ్రీకి వేశాం అత్తా. సాయంత్రానికి వచ్చేస్తుంది."

"రానీ. నాకేం తొందర." తలుపుకు ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. సంచి ఒళ్ళో పెట్టుకుంది. చిన్న మేనకోడలు వంటింట్లోకి వెళ్ళి ఫోనులో గుసగుసలాడింది. అవతలివాళ్ళు ఎత్తలేదో, విన్లేదోగాని, మూడున్నరకు మేనల్లుడు పెద్ద ప్లాస్టిక్ సంచి మోసుకుని చెమటలు కక్కుకుంటూ లోపలికొచ్చాడు. "త్వరగా పరుచు, ముసల్ది వచ్చే టైమైంది!" అన్నాడు గుమ్మంలోంచే. ఆ తర్వాత కుర్చీని చూశాడు.

"పరచరా. ముసల్ది చూస్తుంది" అంది మేనత్త.

వాడు తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయాడు. ఆవిడ ఒంటికాలి మీద లేచింది. అరగంటలో అంతా కక్కించింది. పెద్దదాని ఎనిమిది రేకుల బొంత ఇల్లు మారేటప్పుడు ఫ్రిజ్జుకు చుట్టారు, ఫ్రిజ్జు దిగింది, బొంత లారీలోనే పోయింది. మేనల్లుడిది కారు డిక్కీలో జాకీ కింద పరిచారు, గ్రీజు అంటుకుంటే పారేశారు. చిన్నదాని బొంత మీద పిల్లి ఈనింది.

"మరి మూడిళ్ళలో ఈ తుక్కు తిప్పితే నాకు తెలియదనుకున్నారా?"

చిన్న మేనకోడలు ఏడుపుమొహంతో అంది, "అన్నీ ఒకేలా ఉంటాయి కదత్తా. నువ్వు గుర్తుపట్టవనుకున్నాం. నువ్వు బాధపడకూడదనే..."

ఒకేలా! ఈ మాటకు మేనత్తకు తల తీసేసినట్టయింది. పిల్లి ఈనడం దీనికంటే నయం. ఆ పిల్లికైనా మెత్తనిదేదో, కానిదేదో తెలిసింది.

"చదువులు చదివారు, ఉద్యోగాలు వెలగబెడుతున్నారు. కళ్ళు మాత్రం అద్దెకిచ్చారు!" అని, ప్లాస్టిక్ సంచిలోంచి బొంత లాక్కుని చంకన పెట్టుకుంది. "బస్సెక్కిస్తానత్తా" అని మేనల్లుడు వెనక పడితే, "కార్లమ్ముకోపో" అంది.

మరదలి గది రెండో అంతస్తులో, నీళ్ళ ట్యాంకు పక్కన ఉంది. తలుపు దగ్గరగా వేసి ఉంది. తోస్తే లోపల మరదలు రెండు పాత తువాళ్ళు కప్పుకుని ముడుచుకుని పడుకుంది. తెల్లవారుజామున నాలుగింటికి హాస్టల్ పొయ్యి వెలిగించే మనిషికి పగటి నిద్రే నిద్ర. అలికిడికి లేచి, వదినను చూసి, తర్వాత చంకలోని బొంతను చూసింది.

"అమ్మయ్య, వచ్చిందా! ఈసారి మూడు రోజులు పట్టింది" అంది బొంతతోనే మాట్లాడుతున్నట్టు.

"ఎన్నాళ్ళనుంచి నడుస్తోంది ఈ నాటకం?"

"ఐదారేళ్ళయింది వదినా. మీరు వస్తున్నారంటే ముందు నాకే ఫోనొస్తుంది. పిన్నీ, ఒక్కరోజు ఇవ్వవా అని. పిల్లలు కదా, ఇస్తాను. ఇన్నాళ్ళూ మీరు గుమ్మంలోంచే మడత వంక ఓ చూపు చూసి వెళ్ళిపోయేవారట."

"ఒక్కసారైనా నాతో చెప్పావా?"

"మీరు ఎప్పుడైనా వస్తే చెప్పేదాన్ని."

మేనత్త మాట మార్చడానికి సంచి తెరిచి ఎర్రపక్షుల బొంతను మంచం మీద పరిచింది. గది మొత్తం దాని ముందు వెలవెలబోయింది. "ఇది నీకు. నా ఆఖరి బొంత. ఇంత మంచిది నేనెప్పుడూ కుట్టలేదు" అంది. ఇచ్చేశాక తన మీద తనకే జాలి, గర్వం రెండూ కలిగాయి.

మరదలు చేతులు తుడుచుకుని, రెండు వేళ్ళతో ఒక పక్షిని నలిపి చూసింది. "ఎంత బాగుంది వదినా! కాని నాకొద్దు. దీన్ని చూస్తే కాళ్ళు కడుక్కుని పడుకోవాలనిపిస్తుంది. నేను చెమటతో వచ్చి పడిపోయేదాన్ని. నాకు నాది చాలు." తర్వాత మామూలుగా అడిగింది, "ఇంతకీ ఇంట్లో మీరేం కప్పుకుంటారు?"

మేనత్త నోరు తెరిచింది. నీలం రగ్గు గుర్తొచ్చింది. నోరు మూసింది.

"అయితే ఇది మీరే కప్పుకోండి. ఉతకాలంటే నాకివ్వండి, నేను ఉతికిస్తాను."

ముప్పై ఏళ్ళ కటింగ్ బల్ల మనిషి, నోటికి పని లేకపోతే చేతికి కల్పించుకుంటుంది. మేనత్త తుక్కు బొంతను ఒళ్ళోకి లాక్కుంది. వెలుతురులో దగ్గరగా పెట్టి చూసింది. ఇంత చండాలంగా కుట్టింది నేనేనా? నలభై ఏళ్ళలో ఇంత నాసిరకం పని ఇంకోటి చేయలేదు. వీళ్ళకిచ్చిన నాలుగింట్లో మిగిలింది ఇదొక్కటే. కనీసం ఈ వంకర నల్లకుట్లయినా తీసేసి, తనకు చేతనైన నాలుగు మంచి కుట్లు వేద్దామని పర్సులోంచి చిన్న కత్తెర తీసి, మొన కుట్టు కిందకి పోనిచ్చింది.

మరదలు చెయ్యి అడ్డం పెట్టింది.

"వాటిని విప్పకండి వదినా. అవి నావి, గట్టిగా ఉన్నాయి. ఊడిపోయినవి మీవి."