మధ్య గిన్నె

నేను ఒక మూడు గిన్నెల స్టీలు క్యారేజీని. తారీకులు నాకు తిండితోనే గుర్తుంటాయి. జూలై పదకొండు: కింద అన్నం, మధ్యన పాలు పోసిన ఆనపకాయ కూర, పైన పెరుగు.

నా పుట్టుక గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. రేకును మరలో పెట్టి నొక్కారు, అంచులు మడిచారు, మొహం కనబడేదాకా రుద్దారు. కాకినాడలో ఒక గిన్నెల కొట్లో సుభాషిణి గారు నన్ను కొన్నారు. కొట్టువాడు కరెంటు పెన్నుతో మూడు గిన్నెల మీదా ఆవిడ పేరు చెక్కాడు. గిన్నెలు ఎక్కడ పోతాయోనని మనుషులు వాటి మీద పేర్లు చెక్కిస్తారు. ఆవిడ పోయారు. నేను ఉన్నాను.

ఆవిడ భర్త పేర్రాజు గారు ఒక ప్రైవేటు ఆసుపత్రిలో, నేల కింది రికార్డుల గదిలో కోడర్. ఇంటికి పంపబోయే ప్రతి రోగి కేసు షీటూ ఆయన బల్ల మీదికి వస్తుంది. డాక్టరు రాసిన జబ్బు చదివి, దానికి లోకమంతా వాడే అంకె వెయ్యడం ఆయన పని. పాము కాటుకు ఒక అంకె, నిచ్చెన మీంచి పడితే ఇంకొకటి. నియమం ఒక్కటే: డాక్టరు రాయనిది కోడర్ ఊహించకూడదు. భార్య పోయాక ఆయనే వంట నేర్చుకుని నన్ను నింపుకు వస్తున్నారు. ఉప్పు మాత్రం ఇప్పటికీ కుదరదు.

ఆ రోజు మాణిక్యాంబ గారి షీటు మళ్ళీ వచ్చింది. పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. గుండెల్లో నొప్పి అని చేరతారు, పరీక్షల్లో ఏమీ తేలదు, పంపించేస్తారు. షీటు అంచున నర్సు రాసింది: 'ఒక్కరే ఉంటారట. ఇంటికి వెళ్ళనంటున్నారు.'

ఒంటరిగా బతకడానికి కూడా ఆ పట్టికలో ఒక అంకె ఉంది. అది పడితే ఆసుపత్రి నర్సు వారానికోసారి వెళ్ళి ఆ ఇంటి తలుపు కొడుతుంది. పడాలంటే డాక్టరు రాయాలి. భోజనాల వేళ పేర్రాజు గారు షీటునూ నన్నూ పట్టుకుని పైకెళ్ళారు.

"ఒంటరితనం జబ్బు కాదు కదండీ," అంది డాక్టర్ హిమబిందు, నిలబడే బిస్కట్టు తింటూ. "నేనది రాశాననుకోండి, మరి ఆసుపత్రిలో ఎందుకు చేర్చుకున్నారని ఇన్సూరెన్సువాళ్ళు అడుగుతారు. బిల్లంతా ఆవిడ నెత్తిన పడుద్ది."

ఆమె చెప్పింది అబద్ధం కాదు. రాత్రి డ్యూటీ దిగి ఇంకా ఇంటికే వెళ్ళలేదు పాపం.

వార్డులో మాణిక్యాంబ గారు మంచం అంచున, సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నారు.

"భోంచేశారాండీ?" అన్నారు పేర్రాజు గారు.

"ఇంటికి పంపేవాళ్ళకి పెట్టరంటండి. ఖాతా మూసేశారంట."

ఆయన నన్ను విప్పారు. ఆవిడ ఒక ముద్ద తిని ఆగారు. "మీ ఆవిడ ఉప్పు మర్చిపోయినట్టున్నారే."

"ఆవిడెప్పుడూ మర్చిపోలేదండి."

ఆవిడకు అర్థమైంది. "అయితే ఇది మీ చెయ్యన్నమాట. ఆనపకాయకి ఉప్పు ముందే పడాలి మాస్టారూ!" అని నవ్వారు. ఇంకో ముద్ద తిన్నారు.

కూర మిగిలింది. "గిన్నెతో పట్టుకెళ్ళండి, రాత్రికి పనికొస్తది. మళ్ళీ వచ్చినప్పుడు ఇద్దురుగాని," అనేశారు ఆయన. అన్నాక నాలిక కరుచుకున్నారు.

"ఆసుపత్రిలో మళ్ళీ రమ్మన్నది మీరొక్కరేనండి," అన్నారావిడ. సంబరంగానే అన్నారు.

గిన్నెల్ని కలిపి పట్టే నా కమ్మీ రెండింటితో బిగుసుకోదు. ఆయన నడిస్తే చాలు, గలగలలాడేదాన్ని. "ఎడ్లబండొచ్చినట్టు ఆ మోతేంటండీ బాబాయ్ గారూ! కొత్తది కొనుక్కోకూడదా?" అనేది పక్క బల్ల నూకరత్నం.

"గిన్నె వస్తుందమ్మా."

సెప్టెంబరులో వచ్చింది. ఆ రోజు నాలో దోసకాయ పప్పు. సాయంత్రం ఆయన బల్ల మీదికి మాణిక్యాంబ గారి షీటు వచ్చింది, ఒకటే కాగితం. 'ఇంట్లో చనిపోయి ఉండగా పక్కింటివారు తెచ్చారు. చనిపోయి కొన్ని రోజులైంది. ఆ సమయంలో దగ్గర ఎవరూ లేరు.' డాక్టరు ఈసారి అన్నీ విడమరచి రాసింది. కింద, బంధువులు అన్నచోట: 'సుభాషిణి. చిరునామా తెలియదు.'

మాణిక్యాంబ గారి వంటింట్లో ఆ గిన్నె ఒక్కదాని మీదే వేరే పేరుందట. ఎవరో అయినవాళ్ళే అయ్యుంటారని పక్కింటివాళ్ళు దాన్ని పట్టుకొచ్చి, మధ్యాహ్నమంతా సుభాషిణి కోసం వాకబు చేశారట.

"దగ్గర ఎవరూ లేకుండా పోతే, దానికీ అంకె ఉందా బాబాయ్ గారూ?" అంది నూకరత్నం మెల్లిగా.

"ఉందమ్మా. దీనికి ఎవరినీ బతిమాలక్కర్లేదు."

ఆయన ఆ అంకె కొట్టారు. కంప్యూటరు ఏమీ అడగకుండా తీసుకుంది.

పైకెళ్ళి గిన్నె తెచ్చుకున్నారు. చింతపండు పెట్టి తోమినట్టుంది, నా మిగతా రెండు గిన్నెలూ దాని పక్కన వెలవెలబోయాయి. ఎప్పుడు తిరిగిద్దామని అంతలా తోముకున్నారో ఆవిడ. మధ్యన పెట్టి కమ్మీ బిగించారు. ఇంటిదాకా నేను చిన్న చప్పుడైనా చెయ్యలేదు. ఆయన దారిలో రెండుసార్లు ఆగి నన్ను చూసుకున్నారు.

ఇంట్లో నన్ను వంటింటి గట్టు మీద పెట్టారు. రాత్రికి వండలేదు. లైటు తీసేసి, లోపల ఎవరో పడుకుని ఉన్నట్టు, చప్పుడు కాకుండా తలుపు వేశారు.