బొరికా కనుమ మీద తెల్ల బండి

శనివారం పొద్దున కాఫీ తాగగానే స్తామెన్ పాత కోటు తొడుక్కుని, పెరట్లో అట్టముక్క పరుచుకుని, బండి కిందికి దూరేవాడు. మళ్లీ చిక్కుడుగింజల సూప్ వేళకే బయటపడడం. ఆదివారమూ అంతే, కాకపోతే చర్చికి వెళ్లొచ్చాక.

అది ఇరవై ఏడేళ్ల నాటి పొడుగాటి స్టేషన్ వ్యాగన్. ఒకప్పుడు తెల్లగా ఉండేది. స్తామెన్ మెకానిక్ కాదు, రంపపు మిల్లులో పనిచేసినవాడు. మిల్లు మూతపడ్డాక ఆ చేతులకి వేరే పని లేక బండిని పట్టుకున్నాయి. బ్రేకు గొట్టాలు తనే వంచి బిగించాడు. ముందు సీట్లు వేరే కార్లలోంచి తెచ్చాడు, ఒకటి నీలం, ఒకటి గోధుమరంగు. వెనక అద్దానికి వైపర్ పెట్టాడు. అది తిరిగేది గానీ ఆపితే ఆగేది కాదు. ముందు సీట్ల వెనక ప్లైవుడ్ అడ్డు కట్టి, దానికి వెనక్కి చూడ్డానికి కిటికీలా చిన్న గాజు అద్దం బిగించాడు. వెనక సీటు మడిస్తే ఒక మనిషి కాళ్లు చాపుకుని పడుకునేంత డిక్కీ అయ్యేది.

ఆ డిక్కీ తలుపు వేస్తే లోపల కాలం నడిచేది కాదు. బండి కొన్ననాటి నుంచీ అంతే. పట్నంలో కొన్న రొట్టెని వారం తర్వాత తీసినా పొగలు వచ్చేవి. కరెంటు పోయినప్పుడు ఊరి నర్సు లిల్యానా టీకా మందు సీసాలు తెచ్చి అందులో పెట్టుకునేది. స్తామెన్ భార్య గెర్గన ఒకసారి తోడేసిన పాలు అందులో మరిచిపోయింది. నాలుగోనాడు తీస్తే పాలు పాలలాగే ఉన్నాయి.

"నీ బండి నా పెరుగు కూడా కానివ్వదు," అంది.

ఆమెకి బండి మీద కోపమేమీ లేదు. స్తామెన్ పని చేసే తీరు మీదే. "పైన సోకులు చేస్తావు. కింద ఎలా ఉందో చూశావా?"

చూశాడు. ఆ శరదృతువులోనే ముందు చక్రాన్ని పట్టుకుని ఉండే ఛాసిస్ దూలాన్ని స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూశాడు. స్క్రూడ్రైవర్ తడి బిస్కట్టులోకి దిగినట్టు దిగింది. దాన్ని కోసి కొత్త ఇనుము అతకాలంటే నెల పని. పైన తారు పూసి, ఎవరికీ చెప్పకుండా బయటికొచ్చి చేతులు కడుక్కున్నాడు.

జనవరి ఆఖరి మంగళవారం, పొద్దున పది గంటలకి, గెర్గన పొయ్యి పక్కన కడుపు పట్టుకుని కూలబడింది. లిల్యానా పరుగున వచ్చి కడుపు నొక్కి చూసింది, నాడి చూసింది. స్తామెన్‌ని గుమ్మం దగ్గరికి పిలిచింది.

"లోపల రక్తం పోతోంది. ఇరవై నిమిషాలు. అంతకు మించి ఉండదు."

పట్నంలో ఆసుపత్రి గంటంబావు దూరం, అదీ కనుమ దాటి.

"డిక్కీ ఖాళీగా ఉందా?" అంది లిల్యానా.

పుట్టగొడుగుల బుట్టలు కింద పడేసి, గొర్రెతోలు పరిచి, ఇద్దరూ ఆమెని పడుకోబెట్టారు. గెర్గన మొగుడి వైపే చూస్తోంది. ఎడమ కంట్లోంచి ఒక చుక్క జారి చెంప మీదికి వచ్చింది. స్తామెన్ తలుపు వేశాడు. చుక్క అక్కడే నిలిచిపోయింది.

కనుమ పైకి చేరాక మలుపులో కింద ఏదో విరిగిన చప్పుడైంది. బండి ముక్కు నేలకి తగిలి, పక్కకి ఈడ్చుకుంటూ పోయి, మంచు దిబ్బకి ఆనుకుని ఆగింది. స్తామెన్ దిగి వంగి చూశాడు. ముందు చక్రం లోపలికి మడతపడి ఉంది. దూలం తారు పూసిన చోటే చిరిగింది.

 లేచి పక్కింటి అసాన్‌కి ఫోన్ చేశాడు.

అసాన్ ట్రాక్టర్ వేసుకుని గంటలో వచ్చాడు. "అన్నా, మెల్లగా లాక్కుపోదాం," అని గొలుసు తగిలించాడు. ట్రాక్టర్ జానెడు కదిలిందో లేదో బండి మూలిగింది. పాత ఇనుము రబ్బరులా సాగి, డిక్కీ తలుపు పక్కన వేలెడు సందు తెరుచుకుంది. లోపల గెర్గన "అమ్మా" అంది.

"ఆపు," అన్నాడు స్తామెన్. "ఆపరా అసాన్, చచ్చిపోతుంది."

ట్రాక్టర్ వెనక్కి వచ్చింది. సందు మూసుకుంది, కానీ పూర్తిగా కాదు. అంచున వెంట్రుకవాసి మిగిలింది. స్తామెన్ గొర్రెకొవ్వూ ఉన్నీ కలిపి అందులో కూరాడు.

తలుపు తీసి ఇంకో బండిలోకి మారుద్దామంటే పట్నం ఇరవై నిమిషాల్లో అందదు. లారీ మీదికి ఎక్కిద్దామన్నా తాడుతో లాగాల్సిందే. మర్నాడు పట్నం నుంచి వెల్డింగ్ చేసేవాడు ఒకడు వచ్చాడు. బండి కిందికి టార్చి వేసి చాలాసేపు చూశాడు. లేచి, టోపీ తీసి గెర్గనకి అద్దంలోంచి తలవంచాడు.

"ఇక్కడ మంచి ఇనుము ఏదో, నువ్వు వేసిన అతుకు ఏదో నాకు తెలియదు. ఒక్కచోట తప్పుగా వేడి పెడితే బండి మొత్తం నడుం విరుగుతుంది. ఆ పాపం నేను చుట్టుకోలేను. చేస్తే నువ్వే చెయ్యాలి."

అసాన్ జనరేటర్ తెచ్చాడు, వెల్డింగ్ మిషన్ తెచ్చాడు, చెత్త ఇనుము యార్డులో అలాంటి బండి ఒకటి వెతికి దాని దూలం కోయించి తెచ్చాడు. రోడ్డు పక్క టార్పాలిన్ కట్టాడు. స్తామెన్ కింద పడుకుని మొదలుపెట్టాడు.

అతుకు పెట్టిన చోటల్లా రేకు కాలి చిల్లు పడేది. చిల్లుని పూడ్చబోతే పెద్ద చిల్లు. మూడు రోజులు అలాగే పోయాయి. గట్టి ఇనుము తగిలేదాకా తుప్పు గీకుతూ వెనక్కి పోయాడు. ఏ ఏడు ఏం అతికాడో వేళ్లతో తడిమి గుర్తుచేసుకున్నాడు. ఇది నూనె డబ్బా రేకు, ఇది మిల్లు నుంచి తెచ్చిన ఇనుప బిళ్ల, ఇది ఏదో ఆదివారం తొందరలో చేసింది. ప్రతి అతుకూ అతనికి ఒక అబద్ధంలా కనిపించింది.

చలికి వేళ్లు పనిచేయనప్పుడు ముందు సీట్లో కూర్చునేవాడు. వెనక్కి తిరిగితే ప్లైవుడ్ అద్దంలోంచి గెర్గన అతన్నే చూస్తూ ఉండేది. ఆ చూపులో కోపం లేదు. నొప్పి ఉంది. కోపమైనా బాగుండేది అనుకున్నాడు.

ఆరోనాడు అద్దంలో చూసేసరికి చెంప మీది చుక్క చోటు మారింది. మొదట ముక్కు పక్కన ఉండేది, ఇప్పుడు పెదవి మూల దాకా జారింది. స్తామెన్ దిగి లిల్యానాకి ఫోన్ చేశాడు.

"సందులోంచి కాలం లోపలికి పోతోంది," అన్నాడు. "ఎంత పోయిందో తెలియడం లేదు."

"కన్నీళ్లు తొందరగానే జారతాయి, స్తామెన్. రెండు మూడు నిమిషాలు పోయి ఉంటాయేమో. నువ్వు సందు సంగతి చూడు."

బండి ముక్కుని జాకీతో ఎత్తితే వెనక సందు పెరుగుతుంది. ఎత్తకపోతే దూలం కూర్చోదు. అతను జాకీని పావు తిప్పు తిప్పి, వెనక్కి పోయి కొవ్వు కూరి, మళ్లీ వచ్చి పావు తిప్పు తిప్పాడు. అలా ఒక రోజంతా. అసాన్ జున్ను, రొట్టె నోట్లో పెడితే నమిలాడు.

"అన్నా, నీ మొహం నీ బండి కంటే పాతదైపోయింది. కాసేపు పడుకో."

"ఆవిడ పడుకుందిరా? కళ్లు తెరుచుకునే ఉంది."

అసాన్ మంచు ఎత్తిపోయడానికి పార అందుకున్నాడు.

తొమ్మిదోనాడు చుక్క గడ్డం అంచుకి వచ్చింది. పదోనాడు కొత్త దూలం ఒక కొస పట్టింది. పదకొండోనాడు మంచుతుఫాను టార్పాలిన్‌ని ఎత్తుకుపోయింది. ఇద్దరూ చలిలో బండికి వీపులు ఆనించి నిలబడ్డారు, గాలి సందుని తాకకుండా. ఆ వేళ స్తామెన్ తనలో తను అనుకున్నాడు, తలుపు తీసేస్తాను, ఇరవై నిమిషాలూ చెయ్యి పట్టుకుని కూర్చుంటాను, చాలు. చెయ్యి తలుపు పిడి దాకా పోయింది. చాలాసేపు అక్కడే ఉంది. తర్వాత అదే చెయ్యి సుత్తి తీసుకుంది.

పదమూడోనాడు మధ్యాహ్నం చక్రం నేలమీద నిటారుగా నిలబడింది. స్తామెన్ బండి కింద నుంచి వచ్చి తాళం తిప్పాడు. అసాన్ ట్రాక్టర్‌తో ముందు మంచు తోసుకుంటూ పోతుంటే, వెనక స్తామెన్ బండిలో మనిషి నడిచినంత నెమ్మదిగా, రోడ్డు మీది ప్రతి గుంతనీ చూసుకుంటూ దిగాడు. పట్నం చేరేసరికి నాలుగు దాటింది.

లిల్యానా ముందే ఫోన్ చేసి అంతా చెప్పడంతో ఆసుపత్రి వాకిట్లో సర్జన్ చేతులకి గ్లౌజులు తొడుక్కుని, స్ట్రెచర్ పెట్టుకుని నిలబడి ఉంది. "ఎన్ని నిమిషాలు మిగిలి ఉంటాయి?"

"పదో, పన్నెండో. లెక్క తప్పి ఉండొచ్చు."

"నేను చెప్పేదాకా తలుపు తియ్యకు." ఆమె లోపలికి తిరిగి, రక్తం సీసాలు సిద్ధమా అని అడిగింది. ఔనన్నారు. "ఇప్పుడు."

స్తామెన్ తలుపు ఎత్తాడు. చుక్క గడ్డం మీంచి రాలిపోయింది. నలుగురు ఆమెని ఎత్తుకుని పరుగెత్తారు.

సర్జన్ రెండు గంటల తర్వాత వచ్చి, గోడకి ఆనుకుని నిలబడ్డ అతనితో బతుకుతుందని చెప్పింది. అతను తల ఊపాడు, కానీ గోడని వదలలేదు.

రెండోనాడు పొద్దున గెర్గన కళ్లు తెరిచింది. మంచం పక్క కుర్చీలో మాసిన గడ్డంతో, బుగ్గలు లోపలికి పోయి, చేతులకి కాలిన మచ్చలతో ఒక ముసలాడు కూర్చుని ఉన్నాడు. చాలాసేపు చూసింది.

"ఎన్నాళ్లు ఉన్నాను డిక్కీలో?"

"పదమూడు రోజులు."

ఆమె అతని చెయ్యి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"కింది దూలమేనా విరిగింది?"

"దూలమే. నాకు తెలుసు గెర్గనా. శరదృతువులోనే తెలుసు. తారు పూశాను."

 కిటికీ బయట ఎవరో మంచు ఊడుస్తున్నారు.

"నాకు తలుపు వేశావు, తీశావు. మధ్యలో ఒకసారి కుదుపు, కాసేపు నొప్పి. అంతే," అంది. "ఆ రోజులన్నీ నువ్వొక్కడివే గడిపావు."

"అసాన్ ఉన్నాడులే."

"నిద్రపోయావా అసలు?"

 ఆమె మంచం మీద కొంచెం పక్కకి జరిగింది. కుట్లు లాగినట్టున్నాయి, పళ్లు బిగించింది. "తల ఇక్కడ పెట్టు. తారు సంగతి తర్వాత తిడతాను. ముందు పడుకో, నేను చూస్తూ ఉంటాను."

స్తామెన్ కుర్చీ దగ్గరికి లాక్కుని తల దుప్పటి అంచు మీద పెట్టాడు. పెట్టగానే నిద్రపోయాడు. పది గంటలకి కాఫీ తెచ్చిన నర్సుకి గెర్గన చేత్తో వద్దని సైగ చేసింది. మధ్యాహ్నం సూప్ వచ్చింది, చల్లారిపోయింది. సాయంత్రం ఎండ గది దాటి వెళ్లిపోయింది. ఆమె అతని గడ్డం మీద చెయ్యి వేసి, రెప్ప వాల్చకుండా చూస్తూనే ఉంది.